అమ్మమ్మ సంచిలోని ఆకుపచ్చ గుళికలు

కుర్రవాడికి పదిహేడేళ్లు. ఇంటర్ రెండో సంవత్సరం. రెండేళ్ల క్రితం జూన్‌లో మా ఓపీ గదిలోకి వచ్చినప్పుడు అతని ఒక చెయ్యి తల్లి భుజం మీద, రెండోది గోడ మీద ఉన్నాయి. కాళ్లు ఎడంగా పెట్టి, అడుగడుగూ నేలను తొక్కి చూసుకుంటున్నట్టు నడిచి వచ్చి కూర్చున్నాడు. తల్లి బల్ల మీద పెట్టిన ఫైలు అట్టపై పెద్ద అక్షరాలతో 'ఫ్రీడ్రైక్స్ అటాక్సియా' అని రాసి ఉంది, అంటే నడక, మాట పట్టు తప్పే ఒక జన్యుజబ్బు. అంతకు రెండేళ్ల ముందు ఒక ఆసుపత్రిలో పెట్టిన పేరు అది. అక్కడి నుంచి ఇంకో రెండు చోట్లకు వెళ్లి, ఎవరూ కదపకుండా నా బల్ల మీదికి వచ్చింది. మొదటి రోజు నేనూ కదపలేదు. ఆ సంగతి ముందే ఒప్పుకుంటే మిగతాది చెప్పడం తేలిక.

వాళ్ల వెనక అమ్మమ్మ వచ్చింది. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు గోళీని దొర్లిస్తున్నట్టు ఆడుతున్నాయి. ఎడమచేతిలో గుడ్డసంచి. చీటీ మనవడి పేరు మీదే ఉంది కాబట్టి ఆవిడను అప్పుడు పట్టించుకోలేదు. ఈ కేసులో ఆ సంచికి ఎంత భాగం ఉందో నాకు ఆరు వారాల తర్వాత గానీ తెలియలేదు.

కుటుంబం అనుమతితో, గుర్తుపట్టడానికి వీలున్న ఒకటి రెండు వివరాలు మార్చి రాస్తున్నాను. ఉప్పల్ వైపు ఉండే మధ్యతరగతి వాళ్లు అంటే చాలు.

నడక చెడిన తీరు

తల్లి చాలా శ్రద్ధగా, వరస తప్పకుండా చెప్పింది. పన్నెండో ఏట సంక్రాంతికి డాబా మీద పతంగి ఎగరేస్తూ, తలెత్తి చూస్తున్నవాడు ఉన్నట్టుండి వెల్లకిలా పడ్డాడు. పిట్టగోడకు దూరంగా ఉండబట్టి సరిపోయింది. మాంజా లాగే హడావిడిలో పడ్డాడనుకున్నారు. మరుసటి ఏడు చెప్పుల గొడవ. ఎన్ని జతలు కొన్నా కాలికి నిలవవు, ఎక్కడ జారిపోయిందో వాడికి తెలియదు. ఆ తర్వాత స్నానాలగది. ముఖానికి సబ్బు రుద్దుకుని కళ్లు మూసుకోగానే తూలి బకెట్టు మీద పడేవాడు. రాత్రిపూట కరెంటు పోతే మంచం దిగేవాడు కాదు. పదిహేనో ఏటికి చేతిరాత చెదిరింది, మాట ముద్దగా, సాగదీసినట్టుగా తయారైంది. తాగి వచ్చాడా అని బస్సులో ఎవరో అడిగినప్పటి నుంచి కాలేజీకి తండ్రి స్కూటరు మీదే దింపుతున్నాడు.

ఇంత వింటే సుత్తి చేతిలోకి తీసుకోకముందే సగం జవాబు దొరుకుతుంది. తలెత్తినప్పుడు, కళ్లు మూసినప్పుడు, చీకట్లో పడుతున్నాడంటే పాదాలు ఎక్కడున్నాయో మెదడుకు కబురు అందడం లేదు, ఆ లోటును కళ్లు భర్తీ చేస్తున్నాయి. పాదాల నుంచి ఆ కబురు మోసుకెళ్లే నరాల పోగులు వెన్నుపాము వెనుక భాగంలో ఉంటాయి. చెప్పు జారినా తెలియకపోవడం కూడా అక్కడి లోపమే. మాట, చేతిరాత చెడ్డాయంటే చిన్నమెదడుకూ దెబ్బ తగిలిందన్నమాట.

చుట్టరికం అడిగాను. మేనరికమే. తల్లి తన సొంత మేనమామను చేసుకుంది. అంటే వెనక కూర్చున్న అమ్మమ్మకు ఈ పిల్లవాడి తండ్రి తమ్ముడూ అవుతాడు, అల్లుడూ అవుతాడు. వంశవృక్షం గీయబోతే గీతలు పైకి వెళ్లి ఒకే జంట దగ్గర కలిశాయి. మామా మేనకోడళ్ల పెళ్లిలో పుట్టిన బిడ్డ జన్యువుల్లో సగటున 1/8 వంతు, రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి దిగినవై ఉంటాయి. బావామరదళ్ల పెళ్లిలో అది 1/16. తప్పు పట్టడానికి ఈ మాట రాయడం లేదు. వైద్యులకు మాత్రం ఈ ఒక్క సమాధానంతో ఆలోచన మారాలి. రెండు ప్రతులూ చెడితే తప్ప రాని జబ్బులన్నీ అప్పుడు వరసలో ముందుకొస్తాయి.

పరీక్షలో మోకాలి దగ్గర, మడమ దగ్గర సుత్తితో కొడితే కదలిక లేదు. అరికాలు గీస్తే బొటనవేలు పైకి లేచింది. కళ్లు మూసుకుని, నేను బొటనవేలిని పైకి వంచానా కిందికి వంచానా చెప్పమంటే ఊహించి చెప్పాడు, సగం తప్పు. ట్యూనింగ్ ఫోర్కు అదురు మోకాలి కింద ఎక్కడా తెలియలేదు. పాదాలు దగ్గరగా పెట్టి కళ్లు మూసుకోగానే పక్కకు ఒరిగాడు. అటాక్సియాను కొలిచే సారా స్కేలులో ఏ దోషమూ లేనివారికి సున్నా, పూర్తిగా కదలలేనివారికి 40 వస్తాయి. అతనికి 17 వచ్చాయి. తల అతి స్వల్పంగా, వద్దు వద్దు అంటున్నట్టు ఊగుతోంది. దాన్ని చీటీ మీద రాసుకున్నాను గానీ దాని గురించి ఆలోచించలేదు.

కొట్టేసిన పేరు

ఫ్రీడ్రైక్స్ అటాక్సియా అని మొదటి డాక్టరు రాయడంలో అన్యాయమేమీ లేదు. యుక్తవయసు రాకముందే నడక చెడడం, మోకాలి కదలిక పోయి అరికాలి వేలు మాత్రం పైకి లేవడం, పాదాల ఉనికి తెలియకపోవడం, తల్లిదండ్రులది మేనరికం. ఏ పాఠ్యపుస్తకం తెరిచినా మొదట కనిపించే పేరు అదే. అప్పట్లో ఖర్చని జన్యుపరీక్ష వాయిదా వేశారు. వాయిదా పడ్డ పరీక్ష మెల్లగా జరిగిపోయిన పరీక్షగా మారిపోయింది. తర్వాత చూసినవాళ్లంతా అట్ట మీది పేరు చదివి, ఫిజియోథెరపీ రాసి పంపారు.

ఆ పేరు ఇంట్లో ఏం చేసిందో కూడా చెప్పాలి. 2023 ఫిబ్రవరిలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఫ్రీడ్రైక్స్‌కు మొదటిసారిగా ఒక మందును అనుమతించింది. దాని పేరు ఒమావెలోక్సొలోన్. కణం లోపల ఆక్సీకరణ దెబ్బను ఆపే యాంటీఆక్సిడెంట్ వ్యవస్థను మేల్కొలిపే ఎన్‌ఆర్‌ఎఫ్2 అనే మీటను అది తడుతుంది. తండ్రి ఫోనులో ఆ వార్త చదివి, అక్కడి ధర కనుక్కుని, ఘట్‌కేసర్ దగ్గరున్న ప్లాటును అమ్మకానికి పెట్టాడు. నా దగ్గరికి వచ్చింది వైద్యానికి కాదు. ఆ మందు తెప్పించుకోవడానికి ఒక ఉత్తరం కావాలని వచ్చారు.

ఉత్తరం రాయాలంటే జన్యుపరీక్ష కాగితం జత చేయాలి. ఆ గుమాస్తా పని కోసమే పరీక్ష రాశాను తప్ప అనుమానంతో కాదు. ఫ్రీడ్రైక్స్‌లో ఎఫ్‌ఎక్స్‌ఎన్ అనే జన్యువులో మూడక్షరాల ముక్క వందల సార్లు పునరావృతమవుతుంది. 1996లో తెలిసిన సంగతి ఇది. మామూలు జన్యుక్రమ పరీక్షల్లో ఆ సాగుదల పట్టుబడదు, విడిగా అడిగి చేయించాలి. మూడు వారాలకు ఫలితం వచ్చింది. రెండు ప్రతుల్లోనూ మామూలు సంఖ్యే.

ఒక ప్రతి అయినా సాగి ఉంటే వాదించవచ్చు. రెండూ మామూలుగా ఉంటే ఇక ఫ్రీడ్రైక్స్ అనడానికి వీల్లేదు. అట్ట మీది పేరును పెన్నుతో కొట్టేసి, ఫైలు మొదటి పేజీ నుంచి మళ్లీ చదివాను. గుండె ఎకో మామూలు. ఈసీజీ మామూలు. చక్కెర మామూలు. ఐదేళ్ల ఫ్రీడ్రైక్స్‌లో ఈ మూడింటిలో ఒకటైనా తేడా చేస్తుందని ఆశిస్తాం. నాడుల పరీక్షలో కాళ్ల స్పర్శనాడుల స్పందన తగ్గింది గానీ పోలేదు. ఫ్రీడ్రైక్స్‌లో ఈపాటికి దాదాపు మాయమై ఉండాలి. పైగా ఆ తల ఊపు. ఇవన్నీ నేను చూసినవే. ఒక్కొక్కటిగా చూసి, ఒక్కొక్కదానికీ ఒక సాకు చెప్పుకున్నాను.

రక్తంలో విటమిన్ ఇ చూడమని రాశాను. బి12, రాగి, కొలెస్టరాల్, రక్తకణాల ఆకారం కూడా. ఆ పని మొదటి రోజే చేయాల్సింది. కారణం తేలని అటాక్సియా ఎవరికి ఉన్నా జన్యుపరీక్షల కన్నా ముందు జరగాల్సిన పరీక్ష ఇది. వాటి ముందు దీని ఖర్చు లెక్కలోనిది కాదు. ఇందులో దొరికే జబ్బుకు మందు ఉంది, వాటిలో దొరికే చాలా జబ్బులకు లేదు.

4.2 అనే అంకె

ఫలితం మిల్లీలీటరుకు 4.2 మైక్రోగ్రాములు. ఆ ప్రయోగశాల మామూలు హద్దు 5 నుంచి 18. అంటే తక్కువే గానీ, మనిషిని గోడ పట్టుకుని నడిపించేంత తక్కువ కాదు. పుట్టుకతో వచ్చే విటమిన్ ఇ లోపంలో ఈ అంకె సాధారణంగా రెండుకు లోపే ఉంటుంది. కొలెస్టరాల్ మామూలుగా ఉంది, రక్తకణాలకు ముళ్లు లేవు. కాబట్టి కొవ్వును రవాణా చేసే కణికలే తయారుకాని జబ్బు కాదు. విరేచనాలు, కామెర్లు లేవు కాబట్టి పేగుల్లో కొవ్వు అరగకపోవడమూ కాదు. మిగతా రక్తపరీక్షలన్నీ సరిగానే ఉన్నాయి. రెండు రోజులు ఆ అంకెను ఎటు తిప్పి చూసినా అర్థం కాలేదు.

"వీడు ఏమైనా మాత్రలు మింగుతున్నాడా?" అని అడిగితే తల్లి లేదంది. కుర్రవాడు కిటికీ వైపు చూశాడు. అమ్మమ్మ కాసేపు ఊరుకుని, గుడ్డసంచి ఒళ్లోకి తీసుకుంది.

"నేనే ఇస్తున్నానమ్మా. పది రోజులైంది. నరాలకు మంచిదని నాకిచ్చారు కదా, వీడివీ నరాలే కదా అని, రాత్రి అన్నం తిన్నాక నా గుళిక ఒకటి వీడికీ పెడుతున్నాను. మీరు తిడతారేమోనని చెప్పలేదు."

ఆవిడ సంచిలోంచి తీసింది మందుల దుకాణంలో అందరూ చూసే ఆకుపచ్చ గుళిక. ఆడపిల్లలు సూదితో పొడిచి ముఖానికీ జుట్టుకూ రాసుకునేది. విటమిన్ ఇ, 400 మిల్లీగ్రాములు.

తిట్టలేదు. ఆ ప్రశ్న రక్తం తీయడానికి ముందు నేను అడగాల్సింది. మూడు వారాలు గుళిక ఆపి, పరగడుపున మళ్లీ రక్తం తీయించాను. వెలుతురు తగిలితే ఈ విటమిన్ చెడిపోతుంది కాబట్టి గొట్టానికి నల్లకాగితం చుట్టి పంపించాను. ఈసారి 0.8. మామూలు మనిషి గుళికలు ఆపేసినా మూడు వారాల్లో ఇంతగా పడిపోడు. పోసిన నీళ్లు పోసినట్టే కారిపోయే కుండ ఇది. జన్యుపరీక్షలో టీటీపీఏ జన్యువు రెండు ప్రతుల్లోనూ ఒకే మార్పు కనిపించింది. జబ్బు పేరు విటమిన్ ఇ లోపంతో వచ్చే అటాక్సియా. నా పాతికేళ్ల వృత్తిలో ఇది రెండో కేసు.

హమాలీ లేని బజారు

విటమిన్ ఇ చరిత్ర ఎలుకలతో మొదలైంది. 1922లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో ఈవాన్స్, బిషప్ అనే ఇద్దరు, ఒక పదార్థం లేని తిండి పెడితే ఆడ ఎలుకలకు కడుపు నిలవడం లేదని గమనించారు. టోకోఫెరాల్ అన్న పేరుకు గ్రీకులో కాన్పును మోసేది అని అర్థం. మనుషుల్లో అది లేకపోతే పాడయ్యేది ముఖ్యంగా నరాలని తెలియడానికి దశాబ్దాలు పట్టింది. కొవ్వు అరుగుదలలో ఏ లోపమూ లేకుండానే విటమిన్ ఇ లేక అటాక్సియా వచ్చిన మొదటి రోగి గురించి 1981లో రాశారు. కారణమైన జన్యువు 1995లో దొరికింది.

అది చేసే పనిని ఆ తండ్రికి ఇలా చెప్పాను. ఆయనకు బేగంబజార్‌లో వ్యాపారం. బజారుకు లారీలో సరుకు వస్తుంది. హమాలీలు దించి, దుకాణాలకు చేరవేయాలి. తిండిలోని విటమిన్ ఇ పేగులు దాటి కాలేయం దాకా బాగానే వస్తుంది. అక్కడ దాన్ని ఎత్తి, రక్తంలోకి వెళ్లే కొవ్వు కణికల్లోకి ఎక్కించే హమాలీ ఒకడుంటాడు. ఆల్ఫా టోకోఫెరాల్ ట్రాన్స్‌ఫర్ ప్రొటీన్ అని వాడి పేరు. మీ అబ్బాయికి పుట్టుకతో ఆ హమాలీ లేడు. వచ్చిన సరుకు వచ్చినట్టే పైత్యరసంతో కలిసి బయటికి పోతోంది.

"మరి గుళికలు మింగితే మాత్రం ఎవరు మోస్తారు?" అని ఆయన వెంటనే అడిగాడు. వ్యాపారి కదా. లారీలు ఒకటికి పదింతలు వస్తే, కాలేయం దాకా వెళ్లకముందే దారి పొడుగునా దుకాణాలవాళ్లు చేతికందినంత దించుకుంటారు. పేగు నుంచి బయలుదేరిన కణికల్లోంచి శరీరం నేరుగా కొంత తీసుకోగలదు. నిలవ మాత్రం ఉండదు, అందుకే రోజూ, పూటపూటా, బతికినన్నాళ్లూ వేసుకోవాలి.

నరాలకే ఎందుకు దెబ్బ? మెదడు బరువు శరీరంలో 2 శాతం. వాడే ప్రాణవాయువు 20 శాతం. ఆ మంట దగ్గర నిప్పురవ్వలు లేస్తూనే ఉంటాయి. వాటినే ఫ్రీ రాడికల్స్ అంటున్నాం. నరకణాల పొరల నిండా తేలిగ్గా అంటుకునే కొవ్వులు ఉన్నాయి. ఒక కొవ్వు అణువు అంటుకుంటే పక్కదానికి, అక్కడి నుంచి ఆ పక్కదానికి పాకుతుంది. పొరలోనే కూర్చుని ఆ గొలుసును మధ్యలో తెంపేది విటమిన్ ఇ. తెంపి తాను కాలిపోతే, విటమిన్ సి వచ్చి దాన్ని మళ్లీ నిలబెడుతుంది. ఈ కాపలా లేకపోతే ముందు ఒరిగేవి అతి పొడుగాటి నరాలు, అంటే పాదం నుంచి మెడ దాకా సాగే ఆ కబురు మోసే పోగులు, చిన్నమెదడులోని పుర్కింజే కణాలు.

అమ్మమ్మ ప్రశ్న

రోగనిర్ణయం చెప్పిన రోజు గదిలో పండుగ వాతావరణం. ప్లాటు అమ్మక్కర్లేదని తండ్రి రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నాడు. అందరూ లేచాక అమ్మమ్మ లేవలేదు.

"అదే గుళిక నేను రెండేళ్లుగా మింగుతున్నాను కదమ్మా. రోజుకు రెండు. వాడి కాళ్లకు పనిచేసేది నా చేతి వణుకుకు ఎందుకు పనిచేయదు?"

ఇంత సూటి ప్రశ్న నన్ను వైద్య సదస్సుల్లో కూడా ఎవరూ అడగలేదు. ఆవిడకూ ఒక చీటీ రాయించి, సంచి బల్ల మీద గుమ్మరించమన్నాను. ఆవిడ చేతిని వణికిస్తున్న పార్కిన్సన్స్ జబ్బుకు లెవోడోపా, నాలుగేళ్లుగా. గుండెకు స్టెంటు వేసినప్పటి నుంచి ఆస్పిరిన్. ఆ రెండూ అవసరమైనవి. మిగతావి: ఆకుపచ్చ గుళికలు, డల్లాస్ నుంచి మేనల్లుడు పంపిన కోఎంజైమ్ క్యూ10 అనే యాంటీఆక్సిడెంట్ డబ్బా, జింకో అనే చెట్టు ఆకుల సారం, పసుపు సారం గుళికలు. నెలకు లెవోడోపాకు అయ్యేదానికి కొన్ని రెట్లు వీటికే అవుతోంది. ముంజేతుల మీద నల్లని కమిలిన మచ్చలున్నాయి. ఎక్కడా తగలకుండానే వస్తున్నాయట. ఆస్పిరిన్‌తో పాటు రోజుకు 800 మిల్లీగ్రాముల విటమిన్ ఇ వేసుకుంటే రావడంలో వింత లేదు. రెండూ రక్తం గడ్డకట్టడాన్ని మందగింపజేసేవే.

పార్కిన్సన్స్‌లో ఆక్సీకరణ దెబ్బ అబద్ధం కాదు. 1982లో కాలిఫోర్నియాలో కల్తీ మత్తుమందు ఎక్కించుకున్న కొందరు యువకులు రాత్రికి రాత్రి పార్కిన్సన్స్ రోగుల్లా బిగుసుకుపోయారు. అందులోని ఎంపీటీపీ అనే మలినం కణాల ఇంధనశాలలైన మైటోకాండ్రియాలో మొదటి మెట్టునే అడ్డుకుంటుందని ఆ తర్వాత తేలింది. పార్కిన్సన్స్‌తో పోయినవారి మెదడులో కదలికలను నడిపే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలుండే నల్లని పట్టీలో ఇనుము ఎక్కువగా, గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం తక్కువగా కనిపిస్తాయి. డోపమైన్ తాను విరిగేటప్పుడే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను వదులుతుంది. ఇన్ని సాక్ష్యాలున్నప్పుడు యాంటీఆక్సిడెంట్ ఇస్తే పనిచేయాలనే ఎవరైనా అనుకుంటారు. నేను పీజీ చదివే రోజుల్లో మా గురువులు అనుకున్నారు. మేమూ అనుకున్నాం.

ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టారు. అమెరికా, కెనడాల్లో డాటాటాప్ అనే పరీక్షలో 800 మంది తొలిదశ పార్కిన్సన్స్ రోగులు పాల్గొన్నారు. విటమిన్ ఇ రోజుకు 2,000 యూనిట్లు, అంటే అమ్మమ్మ గుళికలు ఐదు. 1993లో ఫలితం: ఏ ప్రయోజనమూ లేదు. క్యూ10 కథ ఇంకా బాధాకరం. 2002లో 80 మంది మీద చేసిన చిన్న పరీక్షలో ఆశ చూపించింది. ఆ ఆశతో 600 మందిని తీసుకుని పెద్ద పరీక్ష మొదలుపెట్టి, ఫలితం రాదని తేలి మధ్యలో ఆపేశారు. డల్లాస్ మేనల్లుడికి మొదటి వార్త చేరింది, రెండోది చేరలేదు. రక్తంలో యూరిక్ ఆమ్లం ఎక్కువున్నవారిలో పార్కిన్సన్స్ నెమ్మదిస్తుందన్న గమనికతో, ఇనోసిన్ ఇచ్చి దాన్ని పెంచి చూశారు. 298 మంది, 2021. జబ్బు నెమ్మదించలేదు, మూత్రపిండాల్లో రాళ్లు మాత్రం పెరిగాయి. జింకోను 3,000 మందికి పైగా వృద్ధుల్లో ఏళ్ల తరబడి పరీక్షించారు. మతిమరుపు జబ్బును ఆపలేదని 2008లో తేలింది. పసుపు సారంలో నోటితో తీసుకున్నదాంట్లో రక్తంలోకి చేరేదే అత్యల్పం. పప్పులో వేసుకోవడానికి నాకేమీ అభ్యంతరం లేదని ఆవిడకు చెప్పాను.

అన్నీ సున్నాలే అని చెబితే అది అబద్ధమవుతుంది. ఆల్జైమర్స్ ముదరని 613 మంది మాజీ సైనికుల మీద అమెరికాలో చేసిన పరీక్షలో, అదే 2,000 యూనిట్ల విటమిన్ ఇ తీసుకున్నవారిలో రోజువారీ పనులు చేసుకునే శక్తి క్షీణించడం ఏడాదికి 19 శాతం మేర నెమ్మదించింది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. 2014 నాటి మాట. కండరాలను నడిపే నరకణాలు క్రమంగా చచ్చిపోయే ఏఎల్‌ఎస్ జబ్బులో వాడే ఎడరవోన్ కూడా ఫ్రీ రాడికల్స్‌ను పట్టేదే. జపాన్ 2015లో, అమెరికా 2017లో అనుమతించాయి. ఏరికోరి తీసుకున్న తొలిదశ రోగుల్లో ఆరు నెలల పాటు క్షీణతను కొంత తగ్గించినందుకు. వీటిని తీసిపారేయను. వీటిని చూపి ప్రతి వణుకుడు చేతిలోనూ గుళిక పెట్టడాన్ని మాత్రం ఒప్పుకోను.

ఇవన్నీ అమ్మమ్మతో చెప్పలేదు. "మీ డాబా మీద మొక్కలున్నాయా?" అని అడిగాను. కరివేపాకు ఉందట, కుండీలో. నీళ్లు లేక అది వాడిపోతే ఏం చేస్తారన్నాను. నీళ్లు పోస్తానంది. వేరుకు పురుగు పట్టి వాడిపోతే?

"నీళ్లు పోస్తే ఇంకా తొందరగా కుళ్లుతుంది," అని ఆవిడే అంది. నేను అంత దూరం వెళ్లాలనుకోలేదు. కానీ ఆవిడ మాట విన్నప్పుడు నాకు 2012 నాటి ఒక పరీక్ష గుర్తొచ్చింది. ఆల్జైమర్స్ రోగులు కొందరికి విటమిన్ ఇ, సి, లిపోయిక్ ఆమ్లం కలిపి పదహారు వారాలు ఇచ్చారు. వెన్నునీటిలో ఆక్సీకరణ గుర్తు తగ్గింది. అంటే మందు చేరాల్సిన చోటికి చేరి, చేయాల్సిన పని చేసింది. అయినా వాళ్ల మతి, మందు తీసుకోనివారి కన్నా వేగంగా తగ్గింది. పార్కిన్సన్స్‌లో చేయి వణకడం మొదలయ్యేటప్పటికే ఆ డోపమైన్ కణాల్లో చాలా భాగం పోయి ఉంటాయి. పోతున్న కణంలో ప్రొటీన్లు ముద్దకడతాయి, మైటోకాండ్రియా చెడతాయి, ఆ చెడిపోవడంలోంచి నిప్పురవ్వలు లేస్తాయి. రవ్వల మీద నీళ్లు చల్లితే పురుగు చావదు. పైగా కొద్దిపాటి రవ్వలు కణానికి సంకేతాలుగా కూడా కావాలి.

కుర్రవాడిది వేరే లెక్క. అతని వేరుకు పురుగు లేదు, నీళ్లే లేవు. తార్నాక మీదుగా నా దగ్గరికి వచ్చేవాళ్లంతా జాతీయ పోషకాహార సంస్థ బోర్డు చూస్తూనే ఉంటారు. దాన్ని న్యూట్రిషన్ రీసెర్చ్ లేబొరేటరీస్ అని పిలిచే రోజుల్లో, 1960లో, గోపాలన్, శ్రీకాంతియా అనే శాస్త్రవేత్తలు జొన్న తినే దక్కన్ పేదల్లో పెల్లాగ్రా ఎందుకొస్తోందో వెతికారు. నియాసిన్ అనే విటమిన్ కొరవడి వచ్చే ఆ జబ్బు ముదిరితే మతి చలిస్తుంది. నియాసిన్ ఇస్తే తిరిగొస్తుంది. అలాగని నియాసిన్‌ను మతిమరుపు మందు అని ఎవరూ అమ్మలేదు. విటమిన్ ఇ దురదృష్టమేమిటంటే దానికి యాంటీఆక్సిడెంట్ అనే గొప్ప పేరు తగులుకుంది.

మందు, ఏడాదిన్నర

కుర్రవాడి బరువు 48 కిలోలు. 400 మిల్లీగ్రాముల గుళిక మూడు పూటలా, నెయ్యి గానీ నూనె గానీ తగిలిన అన్నంతోనే. పరగడుపున మింగితే సగం వృథా. మద్యం ఊసు తేలేదు, పొగ మాత్రం ముట్టవద్దని తండ్రి ఎదుట కాకుండా విడిగా చెప్పాను. నెలకు రక్తంలో 9, మూడు నెలలకు 14.

నడక అంత తొందరగా మారలేదు. మారుతుందని చెప్పనూ లేదు. పోయిన పోగులు తిరిగి రావు. ఉన్నవి ఆగుతాయి, అలసిపోయినవి కొన్ని కోలుకుంటాయి. సారా స్కేలు మూడు నెలలకు 17 నుంచి 15.5, ఏడాదికి 13.5. మాట ముందుగా తేరుకుంది. తల ఊపు తగ్గింది. మోకాలి కదలిక రాలేదు. కళ్లు మూసుకుంటే ఇప్పటికీ తూలుతాడు గానీ పడడు. స్నానాలగదిలో ఒక స్టీలు కడ్డీ బిగించమని చెప్పాను. అన్ని గుళికల కన్నా ముందు పనిచేసింది అదే. ఇంటర్ పరీక్షలు సహాయకుడితో రాశాడు. ఇప్పుడు డిగ్రీ. నాగోల్‌లో మెట్రో ఎక్కుతాడు, లిఫ్టులోనే.

అమ్మమ్మకు లెవోడోపా వేళలు సవరించి, ఆస్పిరిన్ మాత్రం ఉంచి, తక్కినవన్నీ ఆపించాను. రెండు నెలల్లో చేతుల మీది మచ్చలు పోయాయి. వణుకులో తేడా లేదు, అంతకుముందు లేనట్టే. మనవడిలోని జన్యుమార్పు ప్రతి ఒకటి ఆవిడలోనూ ఉండడం దాదాపు ఖాయం, అది ఆవిడ తల్లిదండ్రుల్లో ఒకరి నుంచే కిందికి దిగి ఉండాలి కాబట్టి. తనవల్లే వచ్చిందా అని అడిగింది. ఒక ప్రతి చెడినంత మాత్రాన ఎవరికీ జబ్బు రాదనీ, అది ఎవరూ కావాలని ఇచ్చిన ఆస్తి కాదనీ చెప్పాను. నమ్మినట్టు కనిపించలేదు.

చెల్లెలు ఉంది. అప్పటికి తొమ్మిదేళ్లు. నాలుగింట ఒక వంతు అవకాశం. తల్లి ఆ పిల్లను తీసుకురావడానికి రెండు నెలలు చేసింది. దానికేమీ లేదండీ, ఖోఖో ఆడుతుంది అని. రక్తంలో 1.1. పిల్ల నిజంగానే గదిలో ఒంటికాలి మీద గెంతి చూపించింది. కానీ మడమ దగ్గర సుత్తితో కొడితే కదలిక లేదు. ఆ రోజు నుంచే ఆమెకూ బరువును బట్టి గుళికలు మొదలుపెట్టాం. లక్షణాలు రాకముందే మొదలుపెట్టినవారిలో ఈ జబ్బు అసలు రాకుండా ఆగుతుంది. ఈ జూలైలో చూసినప్పుడు మడమ కదలిక ఇంకా రాలేదు గానీ, మెట్లు రెండేసి దిగి వెళ్లింది.

ఇద్దరు పిల్లల గుళికలూ ఇప్పుడు అమ్మమ్మ చేతి మీదుగానే. ఆ గుడ్డసంచిలోనే, ఆవిడ మందులకు వేరుగా ఒక స్టీలు డబ్బాలో పెడుతుంది. గోడ క్యాలెండర్‌లో తేదీ పక్కన పూటకో గీత. పోయిన వారం ఆ క్యాలెండర్‌ను చుట్ట చుట్టి తెచ్చి నా బల్ల మీద పరిచింది. వణికే చేతి గీతలు, ఒక్కటీ తిన్నగా లేదు. నెల మధ్యలో ఐదు గడులు ఖాళీ. పెళ్లికి వరంగల్ వెళ్లారట, డబ్బా ఇంట్లోనే మరిచిపోయారట. ఇద్దరికీ రక్తం తీయించి, నల్లకాగితం చుట్టి పంపాను. ఫలితం సోమవారం వస్తుంది.